పాల గిన్నెకు డెబ్భై ఒకటి

మా మరిది ఉమామహేష్‌కి అరవై ఎనిమిది వచ్చింది.

పరీక్షల్లో అయితే ఫస్టు క్లాసు అనేవాళ్ళు. మా చెల్లెల్ని చంపినందుకు అతనిలో పశ్చాత్తాపం ఎంతుందో కొలిస్తే వందకి అరవై ఎనిమిది తేలిందట. కాబట్టి కింది కోర్టు వేసిన పద్దెనిమిదేళ్ళ శిక్ష మరీ ఎక్కువనీ, దాన్ని ఆరేళ్ళకి తగ్గించాలనీ అతని వకీలు హైకోర్టులో అప్పీలు వేశాడు. ఆరేళ్ళు జైల్లో ఎలాగూ గడిచిపోయాయి. అంటే వాళ్ళడిగింది శిక్ష తగ్గించమని కాదు, గేటు తియ్యమని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. ఎందుకంటే ఆ కొలిచే యంత్రాన్ని తయారుచేసిన ముగ్గురిలో నేనొకదాన్ని.

పోలీసులకి ఫిర్యాదు చేసింది అమ్మే కాబట్టి అప్పీలు కాగితం అనకాపల్లిలో ఆవిడకే వచ్చింది. అమ్మ ముప్పై ఏళ్ళు బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచే కొట్లో పనిచేసింది. చదువు అంతంతమాత్రం గానీ అంకె దగ్గర మాత్రం పొరపాటు పడదు. నేను వెళ్ళేసరికి వసారాలో కూర్చుని ఆ కాగితం మీద ఒకేచోట వేలు పెట్టుకుని ఉంది.

"ఒలే రత్నం, ఈ అరవై ఎనిమిదేటే? ఎవులిచ్చినారు?"

"మిషనిచ్చిందమ్మా."

"ఏ మిషను?"

నేను వంగి చెప్పులు విప్పుకున్నాను.

"నువ్వు సేసిందేనా?"

"అవును."

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితం నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "మరి తూకం ఎయ్యకముందు కాళీ తక్కెడ సూసుకున్నారా? మా కొట్లో పొద్దున్నే తక్కెడ కాళీగా ఎత్తి, ముల్లు మద్దిన నిలబడితేనే మొదటి దిమ్మ ఎక్కించీవోళ్ళం. ముల్లు వంగుంటే పొద్దల్లా ఏసిందంతా దొంగతూకమే."

"చూసుకున్నామమ్మా" అన్నాను. అనేశానే గానీ విశాఖ బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాట నన్ను వదల్లేదు.

బయట జనం మా యంత్రాన్ని ఏడుపు మిషను అంటారు. మేం పెట్టుకున్న పేరు అనుతాపమాపకం. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తలకి తీగలున్న టోపీ తొడిగి, వేలికి ఒక క్లిప్పు తగిలిస్తాం. చేసిన తప్పు పైకి చెప్పమంటాం. చెబుతున్నంతసేపూ మెదడులో మూడు చోట్లకి నెత్తురు ఎంత పోతోందో, గుండె ఎక్కడ తడబడుతోందో, వేలి చివర ఎంత చెమట పడుతోందో లెక్కగట్టి యంత్రం తెర మీద ఒక అంకె వేస్తుంది. కన్నీళ్ళు పెట్టుకుని నటిస్తే అంకె కదలదు. కొత్త శిక్షల చట్టం వచ్చాక, అరవై మార్కులు దాటినవాళ్ళు తమ శిక్షలో మూడింట రెండు వంతుల దాకా తగ్గించమని అడగొచ్చు.

దీన్ని ఎందుకు చేశామో కూడా చెప్పాలి. మేమేం దుర్మార్గులం కాదు. కోర్టులో బాగా ఏడవగలిగినవాడికి శిక్ష తగ్గేది, నోట మాట రానివాడికి పెరిగేది. పెందుర్తి దగ్గర ఒక లారీ డ్రైవరు ముసలాయన్ని గుద్ది చంపాడు. బోనులో రాయిలా నిలబడ్డాడని జడ్జికి కోపమొచ్చింది. మా కుర్చీలో అతనికి ఎనభై వచ్చింది. అతను విడుదలైన రోజున మా ప్రయోగశాలలో అందరం మిఠాయి పంచుకున్నాం. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదేననుకున్నాను.

మా చెల్లెలు పైడి మిఠాయి తినలేదు. అప్పటికే చనిపోయి మూడేళ్ళయింది.

పైడికుమారి నాకన్నా ఐదేళ్ళు చిన్నది. గాజువాకలో కొత్త ఫ్లాటు కొనుక్కున్నప్పుడు గృహప్రవేశానికి అందరం వెళ్ళాం. కొత్త పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పెట్టి, పొంగేదాకా ఎదురుచూశాం. పాలు పొంగి పొయ్యి మీదుగా కారగానే మా మావయ్య "తూర్పుకే పొంగాయి, తూర్పుకే!" అని కేక పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పైడి నవ్వింది. దాని ముఖంలో అంత నవ్వు నేను మళ్ళీ చూడలేదు.

ఆ భోజనాల దగ్గరే ఒక చిన్న సంగతి జరిగింది. పప్పులో ఉప్పు తగ్గింది. ఉమామహేష్ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. అంతే. పైడి వడ్డించే గరిట పక్కన పెట్టేసి "నాదే తప్పండి, చూసుకోలేదు" అంది. అతను కళ్ళు సగం మూసి రెండుసార్లు నెమ్మదిగా తలూపాడు, పిల్ల అప్పజెప్పిన పాఠం సరిగ్గానే ఉందన్నట్టు. "మంచోడే, అరవడు" అంది అమ్మ వస్తూ వస్తూ. నేనూ అలాగే అనుకున్నాను. అరవని మగాడు దొరకడమే అదృష్టమనుకునే బుద్ధి మాది. తగలబెట్టాలి ఆ బుద్ధిని.

ఎనిమిదేళ్ళ కిందట యంత్రానికి కొలతలు అమర్చేటప్పుడు నలభై మంది మామూలు మనుషులు కావలసి వచ్చారు. ఆ వారంలో చేసిన ఒక తప్పు పైకి చెబితే చాలు. చిన్న తప్పులకి చిన్న అంకె, పెద్ద తప్పులకి పెద్ద అంకె వచ్చేలా తూకం సరిచేసుకోవాలి. ప్రకటన చూసి వచ్చిన జనం చాలక మా మా ఇళ్ళవాళ్ళని కూడా పిలుచుకున్నాం. నలభయ్యో మనిషి పైడి. ఆదివారం మధ్యాహ్నం డబ్బాలో బెల్లం గవ్వలు పట్టుకుని వచ్చింది.

"నాలుగున్నరకల్లా అయిపోద్దా అప్పా?" అని అడిగింది. టోపీ పెడుతుంటే మళ్ళీ అడిగింది. క్లిప్పు పెడుతుంటే గోడ గడియారం చూసి ఇంకోసారి అడిగింది.

తర్వాత తన తప్పు చెప్పింది. మొన్న పాలు పొంగిపోయాయని, అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ చూసుకోలేదని, ఇంకెప్పుడూ అలా చెయ్యనని.

తెర మీద డెబ్భై ఒకటి.

నేను పగలబడి నవ్వాను. "పాలు పొంగినందుకే ఇంతేటే! నువ్వు గానీ హత్య చేస్తే నా మిషను పేలిపోద్ది" అన్నాను. పైడి కూడా నవ్వింది. టోపీ తనే తీసేసుకుని, చెప్పులేసుకుని, నాలుగు కాకుండానే వెళ్ళిపోయింది. మా పెద్దాయన డాక్టర్ వేదవ్యాస్ ఆ అంకె చూసి "ఇది అసహజం, తీసేద్దాం, లేకపోతే కొలత మొత్తం చెడిపోతుంది" అన్నారు. తీసేసిన కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

పద్నాలుగు నెలల తర్వాత ఉమామహేష్ పైడి తలని వంటింటి గట్టుకేసి కొట్టాడు. కింది కోర్టు దాన్ని క్షణికావేశం అంది. ఐదేళ్ళ కాపురం, ఒక క్షణమట.

అనకాపల్లి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ప్రయోగశాల గిడ్డంగి తెరిపించి పాత పెట్టెలు దింపించాను. అసహజమని మేం తీసేసిన కొలతలు ఒక్క పైడివే కాదు, మొత్తం పదకొండు. అందులో తొమ్మిది మంది ఆడవాళ్ళు, అందరూ పెళ్ళైనవాళ్ళు. అప్పుడు మాకది కనిపించలేదు. ముగ్గురం కలిసి పద్నాలుగేళ్ళు కాలేజీల్లో లెక్కలు చదివినవాళ్ళం, తొమ్మిది మంది ఆడవాళ్ళు ఒక పక్కన గుట్టపడి ఉంటే కనిపించలేదు!

తలుపేసుకుని తొమ్మిది రికార్డులూ విన్నాను. ఒకామె ట్యాంకు నిండాక మోటారు ఆపడం మరిచిపోయింది. ఒకామె బస్సు తప్పిపోయి ఇంటికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. ఒకామె ఇస్త్రీ చేస్తూ చొక్కా కాలరు మాడ్చింది. ఎవరూ ఏడవలేదు. అందరూ చివర్లో ఒకే మాటన్నారు: ఇంకెప్పుడూ చెయ్యను. ఆ మాట మాకు చెప్పినది కాదు. ఇంట్లో ఉన్న మనిషికి చెప్పి చెప్పి నోటికి వచ్చేసిన మాట.

అప్పుడు ఇంకో పని చేశాను. మా పక్క గదిలో వెనకటికి వేరే జట్టు ఒక ప్రయోగం చేసింది. కాసేపట్లో వేలికి చిన్న షాకు తగులుతుందని చెప్పి మనిషిని కూర్చోబెట్టడం, ఎదురుచూస్తున్నప్పుడు మెదడు ఎలా ఉంటుందో గీయడం. ఆ గీత తెచ్చి పైడి గీత మీద పెట్టాను. రెండూ ఒకటే. ఉమామహేష్ గీత తెప్పించి దాని మీద పెట్టాను. మూడూ ఒకటే.

మా యంత్రం కొలిచేది పశ్చాత్తాపాన్ని కాదు. భయాన్ని. తనకేమవుతుందోనన్న భయాన్ని. పైడికి అతనంటే భయం, అతనికి జైలంటే భయం. తన మొగుడు ఏం చేస్తాడోనని పాల గిన్నె దగ్గర మా చెల్లెలు పడ్డ భయం డెబ్భై ఒకటి. ఆ చెల్లెల్నే చంపి ఇతను పడ్డ భయం అరవై ఎనిమిది. ఇతనిదే మూడు మార్కులు తక్కువ.

చివరికి నేనే కుర్చీలో కూర్చున్నాను. "మా చెల్లెలు నా ఎదురుగా కూర్చుని, నేను చచ్చిపోతానేమో అని మిషను చేత చెప్పించింది. నేను నవ్వి, సంతకం పెట్టి, ఆ అంకె కొట్టేశాను" అని చెప్పాను. ఏడుపు ఆగలేదు. తెర మీద ఇరవై రెండు. మళ్ళీ చెప్పాను. పంతొమ్మిది. నాకిక ఎవరి భయమూ లేదు. ఉన్నదల్లా బాధా కోపమూ. వాటికి మా యంత్రంలో మార్కుల్లేవు.

వేదవ్యాస్ గారి గదికి కాగితాలన్నీ పట్టుకెళ్ళాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. అదే ఇబ్బంది.

"రత్నం గారూ, ఈ మూడేళ్ళలో రెండువందల ముప్పై మంది దీనివల్ల బయటికొచ్చారు. అందులో అమాయకులు ఎంతమంది! వాళ్ళందర్నీ మళ్ళీ లోపలికి లాగమంటారా?"

"నాకు తెలీదు సార్."

"ఆ లారీ డ్రైవరు?"

"అతనిది బాధో భయమో కూడా ఇప్పుడు తెలీదు. మనం కొలిచామనుకున్నాం, కొలవలేదు."

"ఒక్క కేసులో అభ్యంతరం చెప్పండి, చాలు. మీ చెల్లెలి కేసు కాబట్టి జడ్జీలు అర్థం చేసుకుంటారు. యంత్రం మొత్తం పనికిరాదని చెప్పడమెందుకు?"

"మరి మిగతా ఎనిమిది మంది ఎవరి చెల్లెళ్ళు సార్? వాళ్ళు ఇప్పుడు బతికున్నారో లేదో మీకు తెలుసా? నాకు తెలీదు. మనం ఫోన్ నంబర్లు కూడా దాచుకోలేదు. అంకెలు చెడిపోతాయని మనుషుల్నే కొట్టేశాం."

నేను కాగితాలు తీసుకుని తిన్నగా ప్రభుత్వ వకీలు హసీనా గారి దగ్గరికి వెళ్ళాను.

అప్పీలు విచారణ రోజున ఉమామహేష్‌ని తీసుకొచ్చి జడ్జీల ఎదురుగా పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. సన్నబడ్డాడు. జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. అమ్మా నేనూ లోపలికి వెళ్తుంటే లేచి నిలబడి "బాగున్నారా వదినా" అన్నాడు. అమ్మ అతని వైపు చూడలేదు. నేను చూశాను. చెయ్యి లేవకుండా పట్టుకోవడానికి పక్కనున్న కుర్చీ వీపు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

అతని వకీలు పట్నాయక్ గారు నన్ను నిలబెట్టి అడిగారు.

"అమ్మా, ఈ యంత్రం సరైనదేనని మూడేళ్ళ కిందట సంతకం పెట్టింది మీరే కదా?"

"నేనే."

"ఇప్పుడు మీ కుటుంబం వరకు వచ్చేసరికి తప్పయిపోయిందా?"

"అప్పుడూ తప్పే. మా కుటుంబం వరకు వచ్చేసరికి కనిపించింది. అందుకు నాకు సిగ్గుగా ఉంది."

"సిగ్గు!" అని ఆయన జడ్జీల వైపు తిరిగి నవ్వారు. "మరి మీరు కూడా ఆ కుర్చీలో కూర్చున్నారటగా, ఎంత వచ్చింది?"

"ఇరవై రెండు."

"అంటే మీ చెల్లెలి విషయంలో మీకంటే నా క్లయింటుకే మూడింతలు పశ్చాత్తాపం ఉంది."

"మీ క్లయింటుకి నాకంటే మూడింతలు భయముందండీ. మా చెల్లెలికి అతనికంటే ఎక్కువుండేది. వినండి."

హసీనా గారు అనుమతి అడిగారు. ఇద్దరు జడ్జీల్లో పెద్దావిడ కాగితాలు పక్కకి జరిపి "వినిపించండి" అన్నారు. రికార్డు పెట్టారు. ఆ హాల్లో ఫ్యాన్ల చప్పుడు మధ్యలోంచి పైడి గొంతు వచ్చింది.

"మొన్న పాలు పొంగిపోయాయండి. అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడుతూ చూసుకోలేదు. పొయ్యంతా పాడైంది. నాదే తప్పండి. ఇంకెప్పుడూ అలా చెయ్యను."

నేను ఎవరివైపూ చూడకూడదనుకున్నాను. కానీ పెద్ద జడ్జి గారు రికార్డు వైపు కాకుండా పక్క బెంచీ వైపు చూస్తున్నారు. నేనూ అటు చూశాను.

"నాదే తప్పండి" అన్న దగ్గర ఉమామహేష్ కళ్ళు సగం మూసి నెమ్మదిగా తలూపాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

అతనికి తెలియదు తను తలూపుతున్నట్టు. పక్కనున్న కానిస్టేబుల్‌కి తెలిసింది. హసీనా గారికి తెలిసింది. పట్నాయక్ గారు కూడా చూసి, చేతిలో కాగితం కింద పెట్టేశారు. చచ్చిపోయిన మనిషి క్షమాపణ చెబుతుంటే వాడు ఇంకా స్వీకరిస్తున్నాడు. ఆరేళ్ళ జైలు, అరవై ఎనిమిది మార్కులు. వాడి తల మాత్రం గాజువాక ఫ్లాటులోనే ఉంది.

అమ్మ లేచింది. కోర్టులో లేవకూడదని ఆవిడకి తెలుసు. "అదిగో సూడండి! నా కూతురు సచ్చిపోయినా వొగ్గడు! పాలకి సెప్పిన తప్పు కూడా లెక్కేసుకుంతన్నాడు!" అని అరిచింది. బంట్రోతు ఆవిడ దగ్గరికి వచ్చాడు గానీ చెయ్యి వెయ్యలేదు. పెద్ద జడ్జి గారు "కూర్చోండమ్మా, నేనూ చూశాను" అన్నారు.

ఉమామహేష్ అప్పటికి తల కదలడం ఆపేసి అందరి ముఖాలూ చూశాడు. "ఏమైంది?" అని వకీలుని అడిగాడు. అతనికి నిజంగానే ఏమైందో అర్థం కాలేదు. అది చూస్తే నాకు జాలి కలగాలేమో. కలగలేదు.

పదిహేను రోజుల తర్వాత తీర్పు వచ్చింది. అప్పీలు కొట్టేశారు. పద్దెనిమిదేళ్ళూ అనుభవించాల్సిందే. మళ్ళీ పరీక్షించి తేల్చేదాకా అనుతాపమాపకాన్ని ఏ కోర్టూ చూడకూడదన్నారు. విడుదలైన రెండువందల ముప్పై మంది కేసులూ తిరగతోడమన్నారు. ఆ సాయంత్రం పెందుర్తి లారీ డ్రైవరు భార్య నాకు ఫోన్ చేసింది. "మాకేటి సేస్తారమ్మా ఇప్పుడు?" అంది. ఆవిడ ఫోన్ పెట్టేదాకా పట్టుకునే ఉన్నాను. వేదవ్యాస్ గారు నాతో మాట్లాడటం మానేశారు. పాత రిజిస్టర్లు పట్టుకుని ఆ ఎనిమిది మందినీ వెతుకుతున్నాను. ఇప్పటికి ముగ్గురు దొరికారు. ఒకామె పుట్టింటికి వచ్చేసింది. ఒకామె తలుపు సగం తీసి, లోపలికి చూసి, మళ్ళీ వేసేసింది. మూడో ఆమె ఫొటోకి దండ ఉంది.

తీర్పు కాగితం అమ్మకి చదివి వినిపించాను.

"పద్దెనిమిదేనా? పెంచనేదా?"

"పెంచమని ఎవరూ అప్పీలు వెయ్యలేదమ్మా. తగ్గించమన్నదే కొట్టేశారు."

"నా పిల్ల ఇరవై ఆరేళ్ళకే పోనాది. ఈడు పద్దెనిమిదికే ఒచ్చెత్తాడు" అంది అమ్మ. "ఇదేటి తూకమే?"

ఈసారి నేను చూసుకున్నామని అనలేదు.

మర్నాడు పొద్దున్న అనకాపల్లి ఇంట్లో టీ కోసం పాలు పెట్టాను. పొయ్యి పక్కనే నిలబడ్డాను. మీగడ కదిలింది, అంచులు లేచాయి. వెనకనుంచి అమ్మ "పొంగుతన్నాయే, కట్టెయ్యి!" అంటూ పరుగున వచ్చి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండనీ అమ్మా."

పాలు పొంగాయి. గిన్నె చుట్టూ జారి, పొయ్యి మీద చర్రుమని, గట్టు మీదుగా నేలకి కారాయి. మంట ఆరిపోయింది. గ్యాసు కట్టేశాను. ఇల్లంతా మాడిన పాల వాసన. ఇద్దరం అలాగే నిలబడి చూశాం. ఎవరూ అరవలేదు, ఎవరూ తలూపలేదు.

కాసేపటికి అమ్మ పాత చీర ముక్క తెచ్చి నా చేతికిచ్చింది. పొయ్యి తుడిచాను, గట్టు తుడిచాను, నేల తుడిచాను. మొత్తం పనికి నాలుగు నిమిషాలు పట్టింది.